ఎక్స్‌పైర్ అయినవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు

‘‘డిసీజ్డ్ క్లెయిమా అండి?’’ అనడిగాడు మండపేటలో ఓ బ్యాంకు కౌంటర్ వెనకనుంచి కుర్రాడు, మర్యాదగానే.

‘‘డిసీజ్ ఏమీ లేదు బాబూ. రాత్రి అన్నం తిని పడుకున్నారు. తెల్లారి లేవలేదు’’ అంది అమ్మ.

అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమై నవ్వూ, ఏడుపూ రెండూ వచ్చాయి. ‘‘డిసీజ్డ్ అంటే జబ్బు కాదమ్మా, చనిపోయినవాళ్ళు’’ అన్నాను. ‘‘మరి ఆ మాటే అనొచ్చుగా’’ అంది.

అనొచ్చు. కానీ ఎవరం అంటున్నాం? అంతకు మూడు వారాల ముందు, నాన్నగారు పోయిన రోజు, నేను నలభైమందికి ఫోన్ చేసుంటాను. ప్రతి ఒక్కరికీ ‘‘నాన్నగారు ఎక్స్‌పైర్ అయ్యారు’’ అనే చెప్పాను. ఒక్కసారీ ‘చనిపోయారు’ అన్లేదు. అమ్మ మాత్రం వచ్చినవాళ్ళందరికీ ‘‘వెళ్ళిపోయారు’’ అంటూనే ఉంది.

ఈ మాటలు మన వాక్యాల్లో ఎలా మసలుతాయో చూస్తే తమాషాగా ఉంటుంది. ‘ఎక్స్‌పైర్’ పక్కన ‘అయ్యారు’ చేరి అది తెలుగు క్రియ అయిపోయింది. ‘డెత్’ నామవాచకంగా ఉండిపోయింది: ‘‘వాళ్ళింట్లో డెత్ అయింది.’’ ‘లేట్’ పేరుకి ముందు, శుభలేఖల్లో కూడా, కుదురుగా కూర్చుంది. ‘డిసీజ్డ్’ మాత్రం కాగితం దిగి రాలేదు. ‘మావయ్య డిసీజ్ అయ్యారు’ అని ఎవరూ అనరు. అది బ్యాంకు ఫారాల్లో, కోర్టు కాగితాల్లో మాత్రమే బతుకుతుంది. అందుకే అమ్మ చెవికి అది జబ్బులా వినిపించింది.

మూలాల్లోకి వెళ్తే ఈ మాటలేవీ అంత పరాయివి కావు. డిసీజ్డ్‌కి తల్లి అయిన లాటిన్ మాటకి అర్థం ‘వెళ్ళిపోవడం’. మన ‘చనిపోవు’లో ఉన్న ‘చను’కి కూడా పాత తెలుగులో అర్థం వెళ్ళడమే. ఎక్స్‌పైర్ అంటే ఊపిరి బయటికి వదిలేయడం; మనం ‘తుదిశ్వాస విడిచారు’ అంటాం. ‘డిమైజ్’ ఒక్కటే కాస్త తేడా మనిషి. అది మొదట్లో ఆస్తినో, అధికారాన్నో ఒకరి చేతినుంచి మరొకరికి మార్చడం. ఇప్పటికీ ఇంగ్లీషు లీజు పత్రాల్లో దాని అర్థం అదే. అంటే అమ్మ ‘‘వెళ్ళిపోయారు’’ అన్నప్పుడు, కౌంటర్లో కుర్రాడు ‘‘డిసీజ్డ్’’ అన్నప్పుడు, ఇద్దరూ ఒకే మాట అన్నారు. ఒకరిది మరొకరికి తెలియలేదంతే.

మరి ఇన్ని తెలుగు మాటలుండగా నేను ఇంగ్లీషు వెనక ఎందుకు దాక్కున్నాను? ఇంగ్లీషు మోజు అనేయడం తేలిక. నాకలా అనిపించడం లేదు. తెలుగులో చావుని చెప్పే ప్రతి మాటా పోయినవాళ్ళ హోదానీ, మతాన్నీ, ఒక్కోసారి కులాన్నీ బయటపెట్టేస్తుంది. కలువపువ్వు సెంటర్లో నిలబడి ఫ్లెక్సీలు చదవండి. ఒకాయన ‘శివైక్యం’ చెందుతారు, ఇంకొకాయన ‘పరమపదిస్తారు’, మరొకామె ‘ప్రభువునందు నిద్రిస్తారు’. పేపరు తిప్పితే నాయకుడు ‘కన్నుమూస్తాడు’, నటుడు ‘అస్తమిస్తాడు’. రైస్ మిల్లులో కరెంటు షాక్ కొట్టిన కూలీది మాత్రం ‘మృతి’. అదే మిల్లు యజమాని పోతే హెడ్డింగులో ‘మృతి’ అని పెడతారా? నేనైతే చూడలేదు. ఇక ‘చచ్చిపోయాడు’ అనే మాట మనం ఎవరి గురించి వాడతామో, ఎవరి గురించి వాడమో ఎవరికి వాళ్ళం ఆలోచించుకోవచ్చు.

‘ఎక్స్‌పైర్’కి ఈ తారతమ్యాలు లేవు. మిల్లు యజమానీ ఎక్స్‌పైర్ అవుతాడు, కూలీ కూడా ఎక్స్‌పైర్ అవుతాడు. ఆస్పత్రి నుంచి వచ్చిన మాట కాబట్టి అందరికీ ఒకే తెల్లదుప్పటి కప్పుతుంది. అందులో ఒక సమానత్వం ఉంది. అయితే మందు సీసా మీద కూడా అదే మాట ఉంటుందన్నదీ నిజమే.

ఇప్పుడు కథల సంగతి. ఈమధ్య చదివిన కథల్లో, హైదరాబాద్ ఫ్లాట్లో ఉండే పాత్రలు ఫోనెత్తి ‘‘నాన్న మరణించారు’’ అంటున్నాయి. కథంతా ‘ఓకే’, ‘లైట్ తీస్కో’ అని మాట్లాడిన మనిషి చావు దగ్గరికి వచ్చేసరికి న్యూస్ రీడరైపోతాడు. రచయిత గౌరవం చూపించాడని అనుకోవచ్చు. నాకు మాత్రం రచయిత చెవి మూసుకున్నట్టు వినిపిస్తుంది. ఆగస్టు 29న గిడుగు రామమూర్తిని తలుచుకుని వాడుకభాషకి దండం పెడతాం కానీ, నల్ల అంచు కార్డు అచ్చువేయించాల్సి వస్తే ‘స్వర్గస్థులైనారని తెలియజేయుటకు చింతించుచున్నాము’ దగ్గరికే పరిగెడతాం. చావు దగ్గర గ్రాంథికం ఇంకా బతికే ఉంది.

మండపేటకి దగ్గర్లోని పొలమూరులో పుట్టిన శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి కథల్లో మనుషులు తమ ఇంటి తీరులోనే మాట్లాడతారు. ఆయన కాలంలో ఆ ఇళ్ళలో ఎక్స్‌పైర్ లేదు. ఇప్పుడు ఉంది. దాన్ని కథలోంచి తుడిచేస్తే భాష శుభ్రపడదు, పాత్ర అబద్ధమవుతుంది. అలాగని అందరి నోటా అదే పెట్టినా అబద్ధమే. నేను ఆఫీసుకి ‘ఎక్స్‌పైర్ అయ్యారు’ అని చెప్పాను. రాత్రి బాబాయి వచ్చి గుమ్మంలో నిలబడగానే నా నోట్లోంచి వచ్చింది ‘‘నాన్నగారు లేరు బాబాయ్’’ అనే. ఒక మనిషే, ఒక చావే. ఎదురుగా ఉన్నవాళ్ళని బట్టి మాట మారింది. ఆ మార్పు పట్టుకోగలిగితే, ఆ మనిషి ఎక్కడ గట్టిగా నిలబడ్డాడో, ఎక్కడ కూలిపోయాడో కథ విడిగా చెప్పక్కర్లేదు.

కుర్రాడు ఫారం ఇటు తిప్పాడు. మున్సిపాలిటీ ఇచ్చిన మరణ ధ్రువపత్రం జిరాక్స్ జతచేసి, గడులన్నీ నేనే నింపుతున్నాను. ‘డిసీజ్డ్ వ్యక్తితో సంబంధం’ అన్న గడి దగ్గర ఆగి, ‘‘ఇక్కడ భార్య అని రాస్తున్నానమ్మా’’ అన్నాను.

అమ్మ కాసేపు ఆ గడి వంకే చూసింది.

‘‘ఇప్పుడు కూడా అలాగే రాయొచ్చా?’’ అనడిగింది.

‘‘ఆయ్, అలాగే రాయాలండి’’ అన్నాడు కుర్రాడు.