తెర వెలిగే ముందు జరిగే పని

కోలారు బంగారు గనులకు 1902లోనే శివనసముద్రం నుంచి కరెంటు వచ్చింది. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఇప్పుడు రాబర్ట్‌సన్‌పేటలో, బంగారపేటలో కరెంటు పోతే ఇబ్బందిపడేది జిరాక్సు షాపుల్లోని కంప్యూటర్లు.

అలా కరెంటు పోయి లినక్స్ కంప్యూటర్ డిస్కు మీద రాస్తూ మధ్యలో ఆగిపోతే లెక్కలు తప్పుతాయి. ఫైలు ఉంటుంది, పేరు ఉండదు. వాడుకలో ఉన్న బ్లాకు (డిస్కులో ఒక ముక్క) పట్టీలో ఖాళీ అని ఉంటుంది. మళ్లీ ఆన్ చేయగానే ఎఫ్‌ఎస్‌సీకే అనే ప్రోగ్రాం రంగంలోకి దిగుతుంది. ఈఎక్స్‌టీ4 పద్ధతిలో ఫైళ్లు దాచే డిస్కయితే ముందు జర్నల్ అనే మార్పుల చిట్టా చదివి, సగంలో ఆగిన మార్పులను పూర్తిచేస్తుంది. చాలాసార్లు అంతటితో సరి. అది చాలకపోతే ఐనోడ్లు (ఒక్కో ఫైలు వివరాలుండే నమోదులు), డైరెక్టరీలు, లింకుల లెక్క, ఖాళీ బ్లాకుల పట్టీ వరసగా సరిచూస్తుంది. పేరు పోయిన ఫైలును పారేయదు. ఐనోడ్ నంబరునే పేరుగా పెట్టి 'లాస్ట్+ఫౌండ్' ఫోల్డరులో దాస్తుంది. నాకు ఈ గుణం మీదే ఎక్కువ గౌరవం. సేవ్ చేయని అర్జీని మాత్రం అది తెచ్చివ్వలేదు.

షిఫ్టు దిగేముందు తాడూ పంజరమూ సరిచూసే గని మనిషి పనే ఇది. ప్రమాదం లేని మరమ్మతులు తానే చేస్తుంది; పెద్ద సందేహం వస్తే తెగించదు, ఆగి మనిషిని పిలుస్తుంది. అంత నమ్మకంగా పనిచేసేది కంప్యూటర్లో మరొకటి అరుదు.

మీ దగ్గర లినక్స్ ఉంటే, ఏ డిస్కును ఎలా జోడించాలో రాసి ఉండే ఎఫ్‌స్టాబ్ ఫైలు తెరిచి చూడండి. ఈఎక్స్‌టీ4 డిస్కు వరస చివర 0 ఉంటే తనిఖీ జరగదు. సిస్టమ్ ఉండే రూట్‌కు 1, మిగతావాటికి 2 ఉండాలి. తనిఖీ నడుస్తున్నప్పుడు ఎంత ఆలస్యమైనా పవర్ బటన్ నొక్కకండి.