ముందు పడుకోబెట్టి చూడండి

"పక్కమీద ఇటు ఒత్తిగిల్లంగనే ఇల్లంత గిర్రున తిర్గింది సార్. బీపీ పడిపోయిందో ఏమో." సూరత్ లింబాయత్‌లో పవర్‌లూములు నడిపే మన పద్మశాలీల నోట ఈ మాట తరచూ వింటాను. అప్పటికే చేతిలో మెడ ఎక్స్‌రే, మాత్రల చీటీ ఉంటాయి. పడుకోబెట్టి చూసినవాళ్ళు మాత్రం ఉండరు.

నేను మొదట చేసేది అదే. బల్లమీద కూర్చోబెట్టి, తలను ఓ పక్కకు 45 డిగ్రీలు తిప్పి, గబుక్కున వెల్లకిలా పడుకోబెడతాను. తల బల్ల అంచు దాటి కాస్త కిందికి వేలాడాలి. కళ్ళు మూయొద్దని ముందే చెప్పాలి, చూడాల్సింది వాటినే. కొద్ది సెకన్లు ఏమీ ఉండదు (ఆ కాసేపు ఆగలేకే కొందరు 'ఏమీ లేదు' అని రాసేస్తారు). ఆ తర్వాత కనుగుడ్లు మెలితిరుగుతూ కొట్టుకుంటాయి, మనిషి నా చొక్కా పట్టుకుంటాడు, నిమిషంలోపే సర్దుకుంటుంది. ఏ చెవి కిందికి ఉన్నప్పుడు వస్తే దోషం ఆ చెవిదే. డిక్స్, హాల్‌పైక్ 1952లో వివరించిన పరీక్ష ఇది. స్కాన్‌లో ఈ జబ్బు కనబడదు.

ఈ జబ్బులో లోపలి చెవిలోని సన్నటి క్యాల్షియం కార్బొనేట్ రేణువులు చోటు తప్పి, అర్ధవృత్తాకారపు గొట్టాల్లో, ఎక్కువగా వెనకదానిలో పడతాయి. మాత్ర మత్తునిస్తుందేమోగానీ వాటిని కదపలేదు. కదిపేది భూమ్యాకర్షణే. తల వేలాడుతుండగానే రెండో పక్కకు 90 డిగ్రీలు తిప్పి, ఒళ్ళంతా అటే ఒత్తిగిల్లించి ముక్కు నేలను చూసేలా చేసి, మెల్లగా లేపి కూర్చోబెట్టాలి. ఒక్కో భంగిమలో అర నిమిషమో, కళ్ళు నిలకడ పడేదాకానో ఆగాలి.

అమెరికాలో పోర్ట్‌లాండ్ వైద్యుడు జాన్ ఎప్లీ ఈ పద్ధతిని 1980లో చెబితే తోటివాళ్ళు నవ్వారు. వ్యాసంగా అచ్చయింది 1992లో. ఆ నవ్వు నాకు అర్థమవుతుంది. మందు లేదు, కోత లేదు, ఖర్చు లేదు. ఇంత తేలికైనదాన్ని వైద్యమనడానికి డాక్టరుకే కాదు, రోగికీ మనసొప్పదు. "సూది ఏం లేదా సార్?" అని అడుగుతారు.

తల తిరగడం మళ్ళీ రావచ్చు, ఇదే మళ్ళీ చేస్తే సరి. తగ్గేదాకా తెగిన పోగు కోసం నడుస్తున్న మగ్గం మీదికి వంగొద్దు.

మాట తడబడినా, ఒకటి రెండుగా కనబడినా, చెయ్యో కాలో పట్టు తప్పినా, నిలబడలేకపోయినా ఆలస్యం చేయకుండా పెద్దాసుపత్రికి వెళ్ళండి. అవేవీ లేకుండా పక్కమీద ఒత్తిగిల్లినప్పుడే తల తిరుగుతుంటే, మాత్రల చీటీ తీసుకునే ముందు "ఓసారి పడుకోబెట్టి చూడండి సార్" అని మీ డాక్టరును అడగండి.