రాత్రి రెండింటికి పనికొచ్చే కాగితం

ఫ్లోరిడాలో సోబర్ హోమ్‌కు సర్టిఫికెట్ కావాలంటే దరఖాస్తుతో పాటు ఓ లావుపాటి ఫైలు పెట్టాలి. మందో మత్తో మానేసి చికిత్స ముగించుకున్నవాళ్లు నేరుగా పాత వీధికీ పాత స్నేహాలకీ పోకుండా కొన్నాళ్లు కలిసి అద్దెకుండే ఇల్లే సోబర్ హోమ్. అది ఆసుపత్రి కాదు, అక్కడ వైద్యం చేయరు. మామూలు పేటలో మామూలు ఇల్లు. దాని గురించి ఏమేం రాసివ్వాలో రాష్ట్ర చట్టం పేరుపేరునా చెబుతుంది. ఇంటి నియమాలు, చేర్చుకునే పద్ధతి, మత్తు పరీక్షలు చేసే తీరు, మళ్లీ తాగితే ఏం చేస్తారు, అద్దెల పట్టిక, డబ్బు వాపసు, ఖాళీ చేయించే విధానం, ఎవరి ఉద్యోగం ఏమిటి, ఇన్సూరెన్సు, యజమానుల నేరచరిత్ర పరిశీలన, అగ్నిమాపక, ఆరోగ్య తనిఖీల పత్రాలు... ఇరుగుపొరుగుతో ఎలా మసలుకుంటారో చెప్పే కాగితం కూడా అందులో ఉంది.

చిట్టా చూసి బెదిరినవాళ్లకు దగ్గరిదారి రెడీమేడ్ మాన్యువల్ కొనేయడం. పాత పేరు తీసి తమ ఇంటి పేరు పెట్టుకుంటే పనైపోయిందనుకుంటారు. తీరా చదివితే 'రాత్రి విధుల్లో ఉన్న సూపర్‌వైజర్‌కు తెలియజేయవలెను' అని ఉంటుంది. ఆ ఇంట్లో రాత్రి డ్యూటీ అనేదే ఉండదు. ఇలాంటి ఫైలు ఎన్ని పేజీలున్నా అది ఆ ఇంటిది కాదు.

ఇన్ని కాగితాలు అడగడానికి కారణం ఉంది. గత దశాబ్దంలో పామ్ బీచ్ కౌంటీ, అందులోనూ డెల్‌రే బీచ్, సోబర్ హోమ్‌లతో కిక్కిరిసిపోయింది. అద్దె అక్కర్లేదని కుర్రాళ్లను చేర్చుకోవడం, వాళ్లను ఫలానా చికిత్సా కేంద్రానికి పంపినందుకు తలకింతని పుచ్చుకోవడం, వారానికి ఇన్నిసార్లని మూత్రపరీక్షలు చేయించి ఇన్సూరెన్సుకు బిల్లు వేయడం అక్కడ వ్యాపారమైపోయింది. మనిషి బాగుపడితే బిల్లు ఆగిపోతుంది, మళ్లీ మత్తులో పడితే చికిత్స మొదటికొస్తుంది, బిల్లూ మొదటికొస్తుంది. ఇలాంటి ఇళ్లూ చికిత్సా కేంద్రాలూ నడిపిన కెన్నీ చాట్‌మన్‌కు 2017లో ఫెడరల్ కోర్టు 27 ఏళ్ల పైచిలుకు జైలు వేసింది. ఈ తరహా ముడుపులను నేరం చేస్తూ 2018లో దేశవ్యాప్త చట్టమూ వచ్చింది.

ఫ్లోరిడా అంతకుముందే, 2015లో, సర్టిఫికెట్ పద్ధతి తెచ్చింది. పేరుకు అది స్వచ్ఛందమే. అయితే 2016 జులై 1 నుంచి లైసెన్సున్న చికిత్సా కేంద్రాలు సర్టిఫికెట్ లేని ఇంటికి మనుషుల్ని పంపకూడదన్నారు. కాగితం లేకపోయినా ఇల్లు నడుపుకోవచ్చు, కాకపోతే వచ్చేవాళ్లు తగ్గిపోతారు. నేరుగా తప్పనిసరి చేయకపోవడం వెనక న్యాయపరమైన జంకు ఉంది. 1988లో సవరించిన ఫెడరల్ గృహవసతి చట్టం వ్యసనం నుంచి కోలుకుంటున్నవాళ్లను వైకల్యం ఉన్నవాళ్లతో సమానంగా కాపాడుతుంది. వాళ్ల ఇళ్లకు మాత్రమే ప్రత్యేక అడ్డంకులు పెడితే అది వివక్ష కిందికి వస్తుంది.

ఫైలు మొత్తంలో కష్టమైన పేజీ రిలాప్స్ పాలసీ, అంటే మళ్లీ మత్తులో పడితే ఏం చేస్తారో చెప్పేది. బద్ధకించినవాళ్లు ఒక్క వాక్యంతో సరిపెడతారు: 'మత్తు పదార్థములు సేవించినవారు తక్షణమే పంపివేయబడుదురు.' చదవడానికి మహా క్రమశిక్షణగా ఉంటుంది. ఇప్పుడు రాత్రి రెండయింది, స్నానాల గదిలో ఒకతను తూలుతూ కనిపించాడనుకోండి. ఈ వాక్యం ప్రకారం అతణ్ని గడప దాటించాలి. కొన్ని వారాలు మత్తుకు దూరంగా ఉన్న ఒంటికి మత్తును తాళే శక్తి తగ్గిపోతుంది. ఒకప్పుడు తట్టుకున్న మోతాదే ఇప్పుడు ప్రాణం తీయొచ్చు. వీధిలో దొరికేదాంట్లో ఫెంటానిల్ కలిసి ఉంటే చెప్పనే అక్కర్లేదు. ఆ వేళప్పుడు బయటికి నెట్టడమంటే నియమం పాటించి మనిషిని పోగొట్టుకోవడమే.

శ్రద్ధగా రాసిన పేజీ వేరేలా ఉంటుంది. ముందు ఎవర్ని లేపాలి, అతిమోతాదుకు విరుగుడైన నలోక్సోన్ స్ప్రే ఏ అరలో ఉంది, అంబులెన్సు ఎప్పుడు పిలవాలి, అతని పక్కన ఎవరు కూర్చోవాలి, ఆ రాత్రికి చేర్చుకునే డీటాక్స్ కేంద్రం నంబరెంత, బట్టలూ మందులూ ఎవరి చేతికివ్వాలి, తిరిగి రావాలంటే ఏం చేయాలి. పొడి పొడి మాటలే, కానీ నిద్రమత్తులో ఉన్నవాడికి అర్థమయ్యే మాటలు. పైగా ఈ పేజీ ఒంటరిగా నిలబడదు. ఇంటివాళ్లకు ఫోన్ చేయాలని ఇక్కడ రాస్తే, ఎవరికి చేయమంటావని చేరిన రోజే అడిగి సంతకం తీసుకున్న ఫారం ఉండాలి. డీటాక్స్‌కు పంపుతామని రాస్తే, ఆ కేంద్రంతో ముందే మాట్లాడి ఉండాలి. నిజం చెప్పాలంటే ఈ ఒక్క పేజీ సరిగ్గా రాస్తే సగం ఫైలు దానంతటదే తయారవుతుంది.

ఆ తర్వాత డబ్బు కాగితం. అద్దె ఎంత, అడ్వాన్సు ఎంత, నెల మధ్యలో పోతే ఎంత తిరిగిస్తారు, ఎన్నాళ్లకిస్తారు. చికిత్స నుంచి చేతిలో చిల్లిగవ్వ లేకుండా వచ్చినవాళ్లకు ఈ అడ్వాన్సే తర్వాతి గది అద్దె. 'నిర్వాహకుల విచక్షణ మేరకు వాపసు' అని రాసిన చోట ఆ విచక్షణ ఎటు మొగ్గుతుందో అందరికీ తెలుసు.

మందుల సంగతి ఇంకా నాజూకైంది. డాక్టరు రాసిచ్చిన మందు ఎవరికి రాశారో వాళ్లే వాడాలని చట్టం అంటుంది. అంటే తాళం పెట్టెలు కావాలి, మాత్రల లెక్క కావాలి. చాలా ఇళ్లకు వ్యసన చికిత్సలో వాడే బ్యూప్రెనార్ఫిన్ అంటే పాత అనుమానం ఉంది, అదీ మత్తే కదా అంటారు. డాక్టరు చీటీ మీద ఈ మందులు వాడేవాళ్లకు వికలాంగుల హక్కుల చట్టం రక్షణ ఉందని అమెరికా న్యాయశాఖ 2022 ఏప్రిల్‌లో స్పష్టంగా చెప్పింది. అయినా పాత మాన్యువళ్లలో నిషేధం వాక్యం అలాగే కూర్చుని ఉంటుంది, ఎందుకంటే దాన్ని ఎవరూ చదవరు.

ఇల్లు ఎలా ఉండాలన్నది సోబర్ హోమ్‌ల జాతీయ సంస్థ 'నార్' ప్రమాణాల్లో ఉంటుంది. 2011లో పుట్టిన ఈ సంస్థ 31 ప్రమాణాలు పెట్టింది. పడకగదిలో మంచానికి 50 చదరపు అడుగులు, ఆరుగురికి ఒక సింకు, ఒక మరుగుదొడ్డి, ఒక షవర్. టేపు పెట్టి కొలిచేస్తే అయిపోతుంది. టేపుకు దొరకనిది పొరుగువాళ్ల వ్యవహారం. పార్కింగ్, సిగరెట్ పీకలు, వాకిట్లో గుంపుగా నిలబడడం, నోటి దురుసు అన్నీ కాగితం మీద పెట్టాలి. ఫిర్యాదు చేయాలంటే ఎవరికి ఫోన్ చేయాలో పక్కింటివాళ్లకు తెలియాలి. ఒక్కోసారి ఊరే ఎదురు తిరుగుతుంది. వాషింగ్టన్ రాష్ట్రంలోని ఎడ్మండ్స్ పట్టణం, బంధుత్వం లేనివాళ్లు ఐదుగురికి మించి ఉంటే కుటుంబం కాదంటూ 'ఆక్స్‌ఫర్డ్ హౌస్' అనే తరహా సోబర్ హోమ్ ఒకదాని మీద పడింది. గృహవసతి చట్టం నుంచి ఆ నిబంధనకు మినహాయింపు లేదని 1995లో సుప్రీంకోర్టు తేల్చింది. కోర్టులో గెలిచినా, పక్కింటాయన రేపు పొద్దున కంచె మీంచి చూస్తూనే ఉంటాడు.

ఆక్స్‌ఫర్డ్ హౌస్ పద్ధతే వేరు. 1975లో మేరీలాండ్‌లోని సిల్వర్ స్ప్రింగ్‌లో, కోలుకుంటున్నవాళ్లుండే హాఫ్‌వే హౌస్ ఒకటి మూతపడుతుంటే అందులో ఉన్నవాళ్లే ఆ ఇంటిని అద్దెకు తీసుకున్నారు. పాల్ మొలోయ్ వాళ్లలో ఒకరు. మేనేజరు లేడు, అధ్యక్షుడూ కోశాధికారీ వంతులవారీగా వాళ్లలో వాళ్లే. కొత్తవాళ్లను చేర్చుకోవాలంటే 80 శాతం ఓట్లు రావాలి. మళ్లీ తాగినవాళ్లు వెళ్లిపోవాల్సిందే. ఛార్టర్‌లో షరతులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మరి వాళ్లకు చాలిన నాలుగు మాటలు మిగతావాళ్లకు ఎందుకు చాలవు? అక్కడ అద్దె కట్టేవాళ్లే ఇల్లు నడుపుతారు కాబట్టి. యజమాని ఒకరు, ఉండేవాళ్లు వేరొకరు అయిన చోట ఉండేవాళ్ల చేతిలో ఏదో ఒక కాగితం ఉండి తీరాలి.

ఫ్లోరిడా సర్టిఫికెట్ గడువు ఏడాది. మళ్లీ తనిఖీ ఉంటుంది. అప్పుడు పాలసీలకంటే వాటి పక్కనుండే రిజిస్టర్లు ఎక్కువ మాట్లాడతాయి. ఫైర్ డ్రిల్ ఏ తేదీన చేశారు, పరీక్షలో పాజిటివ్ వచ్చిన రోజు ఏం చేశారు, అడ్వాన్సు ఎప్పుడు తిరిగిచ్చారు. ఏడాదంతా ఒక్క రిలాప్స్ కూడా నమోదు కాని రిజిస్టరు చూస్తే మురిసిపోకూడదు. ఇంట్లో ఎవరూ తాగకపోయి ఉండొచ్చు, తాగినవాళ్లను రాతకోతలు లేకుండా రాత్రికి రాత్రే సాగనంపి ఉండొచ్చు. అందుకే ఆ ఏడాది అద్దె రశీదులు కూడా బయటికి తీయించాలి. ఎవరి పేరు ఏ వారంతో ఆగిపోయిందో వాటిలో కనబడుతుంది.