సొరంగం లేదన్న మనిషి

ఈ వారం ఒక పెద్దాయన మీద కోపం వచ్చింది. ఆయన చేసిన తప్పల్లా నిజం చెప్పడమే.

పాతబస్తీలో పుట్టి పెరిగిన రిటైర్డ్ గుమాస్తా ఆయన. ఆదివారం పొద్దున్నే, దుకాణాల షట్టర్లు లేవకముందు, అడిగినవాళ్లను వెంటేసుకుని ఊరు చూపిస్తాడు. డబ్బు తీసుకోడు, ఇరానీ చాయ్ మాత్రం మనమే తాగించాలి. ఈసారి మాతో ఒక కుటుంబం కూడా కలిసింది. చార్మినార్ కిందకి చేరగానే వాళ్ల పిల్లాడు అడగనే అడిగాడు: "తాతా, ఇక్కణ్నుంచి గోల్కొండకి సొరంగం ఉందంట కదా?"

"లేదు బిడ్డా. ఉందనేటందుకు ఏ ఆధారం లేదు."

పిల్లాడి మొహం చిన్నబోయింది. నాకు చురుక్కుమంది.

పాత పాఠకులు ఇక్కడ నవ్వుకుంటూ ఉంటారు. గైడ్ల కట్టుకథల మీద ఈ కాలమ్‌లో నేను విరుచుకుపడని ఏడాది లేదు. సుల్తాన్ మహమ్మద్ కులీ ప్రేయసిగా చెప్పుకునే భాగమతి అనే మనిషే లేదని చరిత్రకారుడు షేర్వాణీ గారు వాదిస్తే చప్పట్లు కొట్టినవాణ్ని. ఉందన్న నరేంద్ర లూథర్ గారి పక్షాన మీలో కొందరు రాసిన ఉత్తరాలు ఇంకా నా సొరుగులోనే ఉన్నాయి. అలాంటివాడికి ఇన్నాళ్లకు తన మతంవాడు దొరికితే సంబరపడాలి. పడలేకపోయాను. తెలుగునాట సొరంగం కథ లేని కోట ఏదైనా ఉందా? చిన్నప్పుడు మా మేనమామ కొండపల్లి కోటలో అలాంటి సొరంగం ఒకటి చెప్పకపోతే నేను చరిత్ర పుస్తకం ముట్టుకునేవాణ్నే కాదు.

సరే, నడక మాట. ఆయనకో పద్ధతుంది. ముందు చూడాలి, తర్వాతే వినాలి. గుల్జార్ హౌజ్ దగ్గర నిలబెట్టి నాలుగు దిక్కులా నాలుగు కమాన్లూ చూడమన్నాడు. ఆటోలు హారన్లు కొడుతూ హౌజ్ చుట్టూ తిరుగుతుంటే మేమూ తిరిగాం. పడమటి కమాను దాటితే ఒకప్పుడు రాజమహళ్లు ఉండేవని, ఇప్పుడు మిగిలింది ఆ కమానేనని చెప్పి కదిలాడు.

పత్తర్‌గట్టీ దగ్గర బాద్‌షాహీ ఆషుర్‌ఖానాలో మాత్రం కదల్లేదు. 1590లలో మహమ్మద్ కులీ కట్టించిన శోకమందిరం అది. 1611 నాటి పెంకుల పని గోడల నిండా ఉంటుంది. నీలం, పసుపు, ఆకుపచ్చ రంగుల్లో, పీర్ల ఆకారాల్లో తీర్చారు. చెప్పులు విప్పి లోపలికెళ్లాక, "ఈ గోడ మీద పెంకు ఎక్కడ ఆగిందో చెప్పుండ్రి" అన్నాడు. నాకు తేడా కనబడలేదు. "జర పక్కకొచ్చి చూడుండ్రి సార్." పక్కకు జరిగి ఏటవాలుగా చూస్తే తెలిసింది. వెలుతురు పడి ఒక చోట మెరుస్తోంది, ఒక చోట చప్పగా ఉంది. మెరిసేచోట పెంకుకీ పెంకుకీ మధ్య సన్నటి అతుకులున్నాయి. చప్పటిచోట అతుకుల్లేవు, అదే డిజైన్ రంగుతో వేశారు. 1908లో మూసీ ఇక్కడిదాకా వచ్చి ఊడ్చుకుపోయిన పెంకుల జాగా అది.

ఆ గోడ ముందు నుంచి ఆయన వరదలోకి దిగాడు, మళ్లీ పైకి రాలేదు. మదీనా దాటి, నయాపూల్ మీద ముక్కు మూసుకుని, అఫ్జల్‌గంజ్ చేరేదాకా అదే. సెప్టెంబరు 28. వంతెనలు కొట్టుకుపోతే రెండు ఒడ్లనూ కలుపుతూ పురానాపూల్ ఒక్కటే నిలిచింది. వేలమంది పోయారు. కవి అమ్జద్ హైదరాబాదీ కళ్లెదుటే తల్లి, భార్య, కూతురు నీళ్లపాలయ్యారు, ఆయన ఒక్కడే మిగిలాడు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ నది ఒడ్డుకొచ్చి హిందూ పద్ధతిలో పూజ చేశాడని అంటారు. "అంటారు, అంతే" అని నా వంక చూశాడు. తర్వాత విశ్వేశ్వరయ్యను పిలిపించారు, 1920కి ఉస్మాన్‌సాగర్ (మన గండిపేట), 1927కి హిమాయత్‌సాగర్ లేచాయి. నగరవాసి తాగే గండిపేట నీళ్ల వెనక ఆ వరద ఉంది.

ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో చింతచెట్టు దగ్గర ఆగాడు. పెద్ద చెట్టు, మొదలంతా బొడిపెలు. రోగుల బంధువులు నీడలో టిఫిన్ డబ్బాలు విప్పుకుంటున్నారు. ఎవరో కొమ్మకు తువ్వాలు ఆరేశారు.

"నూటయాభై మంది. రెండు రోజులు దీని మీదనే ఉన్నరు."

సొరంగం పిల్లాడి తరఫున కక్ష తీర్చుకునే అవకాశం వచ్చింది. "ఎవరు లెక్కపెట్టారు?" అన్నాను.

ఆయన తడుముకోలేదు. "లెక్కపెట్టెటోడు కూడ పైన్నే ఉండె సార్."

పిల్లాడు పకపకా నవ్వి కొమ్మలు లెక్కపెట్టడం మొదలెట్టాడు. ఏ కొమ్మ మీద ఎంతమంది పడతారో వాళ్లమ్మకు చెబుతున్నాడు. ఆ నూటయాభై ప్రతి పుస్తకంలోనూ ఉంటుంది. నేనూ ఇదే కాలమ్‌లో, ఆధారం చూసుకోకుండానే, వాడుకున్నాను. ఇకముందూ వాడుకుంటాను. వరదలో చెట్టెక్కినవాళ్ల హాజరుపట్టీ అడిగేవాడు చరిత్రకారుడెలా అవుతాడు? వాడు ఆడిటరు. కట్టుకథలన్నిటినీ ఒకే గాటన కట్టి ఇన్నేళ్లూ తిట్టానే, అందులో సగం నా అత్యుత్సాహమే. జనం ప్రాణాలు కాపాడిన చెట్టు గురించి జనమే పెట్టుకున్న అంకె వేరు, టికెట్లు అమ్ముకోవడానికి పుట్టించిన కథ వేరు. సొరంగం ఈ రెంటిలో ఏ కోవలోకి వస్తుందో నేనింకా తేల్చుకోలేదు. ఎనిమిదేళ్లవాడి ముందు మాత్రం దాన్ని ఒక్క మాటతో పూడ్చేయకూడదు. కాసేపు లోపల తిరగనివ్వాలి.

వచ్చే ఆదివారం పురానాపూల్. పొంగుతున్న మూసీలోకి యువరాజు మహమ్మద్ కులీ గుర్రాన్ని దూకించి భాగమతిని చూడబోయాడని, హడలిపోయిన తండ్రి ఇబ్రహీం కుతుబ్‌షా వంతెన కట్టించాడని కథ. వంతెన 1578 నాటిది. అప్పటికి కుర్రాడికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఈ లెక్క ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఆ కుటుంబం మళ్లీ వస్తుందట. పిల్లాడడిగితే ముందు గుర్రాన్ని దూకించండి, లెక్క చాయ్ దగ్గర చెప్పుకుందాం అని ఫోన్ చేసి బతిమాలాను.

"చూద్దాం సార్" అన్నాడు. ఒప్పుకున్నట్టు లేదు.