ఇల్లు అమ్మిన తర్వాత రాసిన నవల

పాత ఇల్లు అమ్ముకోవడం మీద మన వారపత్రికల్లో కథలు కొల్లలుగా వచ్చాయి. తాతగారు కట్టిన ఇల్లు, పెరట్లో మామిడిచెట్టు, వాటాల కోసం దాయాదుల తగువు, చివరికి ఒక షావుకారు వచ్చి బయానా ఇచ్చిపోవడం. చదువుతున్నంతసేపూ గొంతు పట్టుకుంటుంది. పత్రిక మూశాక ఏమీ మిగలదు. ఆ కథల్లో ఇల్లు ఎందుకు పోయిందన్న లెక్క ఉండకపోవడమే దీనికి కారణమని నాకనిపిస్తుంది. అప్పు ఎవరు చేశారు, దేనికి చేశారు, వడ్డీ ఎన్నాళ్ళుగా కట్టలేదు? ఇవేవీ రచయిత చెప్పడు. కాలం మారిందంటాడు, అంతే. వాణిజ్యశాస్త్రం చదువుకుని ముప్పై ఏళ్ళుగా బ్యాంకులో తాకట్టు పత్రాలు చూస్తున్నవాడికి ఇది చిన్న లోపంగా కనిపించదు.

ఈ లోపం లేని నవల ఒకటి మధ్యధరా సముద్రం మధ్యనున్న సిసిలీ ద్వీపం నుంచి వచ్చింది. రచయిత జుసెప్పె తొమాసి ది లాంపెదూసా. ఇంగ్లీషులో ‘ది లెపర్డ్’ పేరుతో ఆర్చిబాల్డ్ కొలకూన్ అనువాదం 1960లో వెలువడింది. లాంపెదూసా జమీందారీ వంశంలో ఆఖరివాళ్ళలో ఒకడు. జీవితమంతా చదువుకుంటూ గడిపి, అరవయ్యో ఏటికి కొంచెం ముందు ఈ నవల రాయడం మొదలుపెట్టాడు. రెండు పెద్ద ప్రచురణ సంస్థలు తిప్పి పంపాయి. 1957 జులైలో ఆయన చనిపోయాడు, 1958లో పుస్తకం అచ్చయింది, 1959లో ఇటలీలో పేరున్న స్ట్రేగా బహుమతి వచ్చింది. తన పుస్తకాన్ని ఆయన అచ్చులో చూసుకోలేదు.

ఆ ఇళ్ళ సంగతి కూడా తెలిస్తే నవల ఇంకా బాగా అర్థమవుతుంది. పలెర్మోలోని వాళ్ళ సొంత భవనం 1943 ఏప్రిల్‌లో బాంబుదాడిలో కూలిపోయింది. సాంతా మార్గెరితా ది బెలీచె అనే ఊళ్ళో తల్లి తరఫు ఇల్లు మరొకటి ఉండేది. వంద గదుల దాకా ఉన్న ఇల్లు. లోపలే నాటకశాల, వెనక ఫౌంటెన్లతో పెద్ద తోట. లాంపెదూసా చిన్నప్పుడు వేసవులు అక్కడే గడిచాయి. ఆ ఇంటిని మేనమామ 1920లలో అమ్మేశాడు. ఆ మేనమామ ఒక సోషలిస్టు నాయకుడు కూడా! 1968 జనవరి భూకంపంలో అందులో చాలా భాగం నేలమట్టమైంది. నిలిచిన భాగాన్ని బాగుచేసి ఇప్పుడు ఈ నవల పేరున ఒక మ్యూజియం నడుపుతున్నారు. నవలలో దొన్నాఫుగాతా అనే పేరుతో కనిపించే భవనానికి మూలం ఆ ఇల్లే. ఇల్లు చేయిజారిన ముప్పై ఏళ్ళకు ఆయన దాన్ని కాగితం మీద మళ్ళీ కట్టాడు.

ఇంత నష్టపోయినవాడు కన్నీళ్ళు పెట్టుకోవాలి. కానీ లాంపెదూసా లెక్క చూశాడు. కథ 1860 మే నెలలో, గరిబాల్డీ దండు సిసిలీలో దిగిన రోజుల్లో మొదలవుతుంది. మొదటి పేజీల్లోనే సాలీనా ప్రభువు ఫాబ్రిజియో తన తోటలోకి నడుస్తాడు. మూడు గోడల మధ్య, ఘాటైన వాసనలతో ఊపిరాడని తోట అది. ప్యారిస్‌లో స్వయంగా కొని తెచ్చిన గులాబీలు ఈ మట్టిలో మొదట విరగబూసి, తర్వాత రూపం చెడి మొద్దుబారాయి. నెల కిందట అక్కడే ఒక నిమ్మచెట్టు కింద చచ్చిపోయిన సైనికుడు దొరికాడు. ఇల్లు అమ్మకానికి రాకముందే, అప్పులవాడు గుమ్మం తొక్కకముందే, తోటలో కుళ్ళు ఉందని రచయిత ముందే చెప్పేశాడన్నమాట. ప్రభువు నక్షత్రాలు చూస్తాడు, వేటకు వెళ్తాడు; గుమాస్తాలు లెక్కలు రాస్తారు; పొలాలు ఒక్కొక్కటే తరిగిపోతాయి. వాటిని కొనేవాడు కలోజెరో సెదారా, ఊరి మేయరు. సరిగ్గా గడ్డం గీసుకోవడం కూడా రానివాడు. కానీ ఏ చెక్క ఎంత పండుతుందో అతనికి తెలుసు. అతని కూతురు ఆంజెలికాకూ ప్రభువు మేనల్లుడు తాంక్రెదికీ పెళ్ళి కుదిరినప్పుడు, పొలాల విస్తీర్ణమూ బంగారు నాణేల సంచులూ అతను వరసగా చదువుతుంటే, అది ఒక రాజవంశం ఆస్తి అప్పుల పట్టీలాగే వినిపిస్తుంది.

నన్ను అన్నిటికన్నా పట్టుకున్నది 1883 జులైలో ప్రభువు మరణం. ఆయన సొంత ఇంట్లో పోలేదు. ఇంటికి చేరేలోపు పలెర్మోలో ఒక హోటలు గదిలో దిగాడు. అక్కడ కుర్చీలో కూర్చుని తన బతుకుకు ఆస్తి అప్పుల పట్టీ వేస్తాడు. పెళ్ళికి ముందు రెండు వారాలు, తర్వాత ఆరు వారాలు, మొదటి కొడుకు పుట్టినప్పటి అరగంట, కొన్ని కుక్కలు, దూరదర్శిని ముందు కొన్ని రాత్రులు. డెబ్భైమూడేళ్ళలో నిజంగా బతికింది రెండు మూడేళ్ళని తేలుతుంది. వంద గదులున్నవాడి పట్టీలో గదులకు ఇంత తక్కువ చోటు దొరకడం గమనించాలి. ఈ నిజాయితీ వల్లే ఇది పాత వైభవం మీద ఏడ్పు కాకుండా మిగిలింది.

ఇల్లు పోవడానికి లెక్క చూపించిన మరో గొప్ప రచన చెహోవ్ నాటకం ‘చెర్రీ ఆర్చర్డ్’. 1904లో మాస్కోలో ఆడారు. తోటను ముక్కలు చేసి వేసవి ఇళ్ళకు కౌలుకిస్తే ఏడాదికి కనీసం 25,000 రూబుళ్ళు వస్తాయని లొపాహిన్ అంటాడు. యజమానులు వినరు. ఆగస్టు 22న వేలం. బంధువు పంపిన 15,000 వడ్డీకి కూడా చాలదు. అప్పు మీద 90,000 ఎక్కువ పాడి, ఆ భూమి మీద బానిసలుగా బతికినవాళ్ళ వంశంలో పుట్టిన లొపాహిన్ తోట కొంటాడు. చెహోవ్ కొన్నవాణ్ణి దుర్మార్గుణ్ణి చేయలేదు, లాంపెదూసా సెదారాను కొంత నవ్వులపాలు చేశాడు. ఈ విషయంలో చెహోవే పెద్ద మనసున్నవాడు.

ఇక లాంపెదూసా లోపం. ఆ తోటకు నీళ్ళు మోసినవాళ్ళెవరు? నవలలో పేదవాళ్ళు అసలు లేరనడం న్యాయం కాదు. ఒక అధ్యాయంలో ప్రభువుగారి పూజారి తన పల్లెకు వెళ్తాడు. అక్కడ ఒక బాదంతోట మీద అన్నదమ్ముల పాత పగ, దాన్ని తీర్చడానికి ఒక పెళ్ళి. పెద్దింట జరిగిన బేరమే చిన్నింటా జరుగుతుందని చూపిన మంచి అధ్యాయం. కానీ ఆ బాదంతోట కూడా లేనివాళ్ళు? ఆ ఇంటి గదుల్లో తాంక్రెదీ ఆంజెలికా దారి తప్పి తిరుగుతుంటే మనకు వింతగా ఉంటుంది. ఆ గదులు ఊడ్చిన మనిషి కళ్ళతో మనం ఒక్క గది కూడా చూడం.

ఆ కళ్ళు మన సాహిత్యానికి ఉన్నాయి. దాశరథి రంగాచార్య ‘చిల్లర దేవుళ్ళు’ నిజాం కాలపు గడీని ఊరి వైపు నుంచి చూపింది. బి. నర్సింగరావు 1988లో తీసిన ‘దాసి’ సినిమాలో దొర ఇంటి గోడలూ తలుపులూ అన్నీ కమలాక్షి బతుకు మీద బరువుగా ఆనుకుని ఉంటాయి. ఆ సినిమా చూసినవాడు ఏ గడీ కూలినా అయ్యో అనడానికి కాస్త ఆగుతాడు. ఆ ఆగడం అవసరం.

అయితే మన రచన గడీ తలుపు దగ్గరే ఆగిపోయిందని కూడా చెప్పాలి. 1949లో జాగీర్లు రద్దయ్యాయి. ఆ తర్వాత ఆ ఇళ్ళేమయ్యాయి, ఎవరు కొన్నారు, కొన్నవాళ్ళు చెట్లను ఉంచారా కొట్టారా? ఈ కథ రాసినవాళ్ళు తక్కువ. మన హుమ్నాబాద్‌లాంటి చోట ఇది మరీ చిక్కు. 1956 నవంబరు 1 దాకా మనం హైదరాబాదు రాష్ట్రం. ఆ రోజు మనం మైసూరులో చేరాం, ఇదే బీదరు జిల్లాలో ఉండిన జహీరాబాదు ఆంధ్రప్రదేశ్‌లో చేరింది. మన ఇళ్ళ పాత కాగితాలు ఉర్దూలో, ఫసలీ సంవత్సరాలతో ఉంటాయి, కొత్తవి కన్నడంలో, ఇంట్లో మాట తెలుగు. పిల్లలు హైదరాబాదులోనో బెంగుళూరులోనో స్థిరపడి, రాతిగోడల ఇల్లు అమ్మకానికి పెడుతున్నారు. వాళ్ళను తప్పు పట్టను. మూసి ఉంచిన ఇల్లు చెదలకే పనికొస్తుంది. కానీ ఆ ఇంటి కథ ఏ భాషలో మిగలాలి?

మన శాసనాల్లోనూ పాత దానపత్రాల్లోనూ అష్టభోగాలని ఒక జాబితా ఉంటుంది: నిధి, నిక్షేపం, జలం, పాషాణం, అక్షీణి, ఆగామి, సిద్ధం, సాధ్యం. భూమిలో దాచిన ధనం నుంచి ముందుముందు రాబోయే లాభం దాకా అన్నీ పుచ్చుకున్నవాడికి ధారాదత్తం. ఇంతకన్నా గట్టిగా రాయడం ఏ వకీలుకూ రాదు. అయినా ఆ బావి తవ్వినవాడి పేరు అందులో ఉండదు. ఇప్పటి వాల్యుయేషన్ రిపోర్టులో స్థలానికి ధర, కట్టడానికి వయసును బట్టి తరుగుదల ఉంటాయి. పెరటి వేపచెట్టుకు విలువ కట్టిన రిపోర్టు నా చేతికి వచ్చింది తక్కువ.

పత్రం వదిలేసినదాన్ని రాయడం సాహిత్యం పని. లాంపెదూసా సగం రాశాడు, మన గడీ రచయితలు మిగతా సగం రాశారు. రెండు సగాలూ ఒకే పుస్తకంలో రావలసి ఉంది. అప్పు లెక్క దాచకుండా, చెట్టు నీడను కాదనకుండా, నీళ్ళు మోసినామె పేరు మరవకుండా రాసే నవల. రెండు రాష్ట్రాల సరిహద్దు మీద ఉన్నవాళ్ళం మనం, దానికి సరుకు మన దగ్గరే ఉంది. ఇల్లు రిజిస్ట్రీకి వెళ్ళేముందు, ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి ఎవరు కట్టారు, ఎవరు మోశారు, ఎందుకు అమ్ముతున్నామని నాలుగు పేజీలు తెలుగులో రాసిపెట్టుకోండి. నవల రాసేవాడు రేపు మన పిల్లల్లో పుడితే, వాడికి ఆ నాలుగు పేజీలు కావలసివస్తాయి.