నిండని గడి

ఎలమంచిలి నుంచి రేగుపాలెం వైపు ఒక బండి కదలాలంటే, ఇంజను కంటే ముందు ఒక మాట కదలాలి. "లైన్ క్లియర్ ఇస్తారా?" అని ఇక్కడి స్టేషన్ మాస్టరు అడగాలి. అక్కడి మాస్టరు ఇవ్వాలి. అడిగిన మాటా, ఇచ్చిన మాటా రెండు స్టేషన్లలోనూ గంటా నిమిషంతో సహా సిరాతో పుస్తకానికెక్కాలి. ఆ తరువాతే సిగ్నల్ పడుతుంది. హౌరా–చెన్నై మార్గంలో పక్కపక్క స్టేషన్ల మధ్య దశాబ్దాల పాటు బండ్లు నడిచిన పద్ధతి ఇదే.

ప్లాట్‌ఫాం మీద నిలబడ్డ మనకు సిగ్నలూ బండీ మాత్రమే కనిపిస్తాయి. మాస్టరు బల్ల మీద తెరిచి ఉండే వెడల్పాటి పుస్తకం కనిపించదు. దాని పేరు ట్రెయిన్ సిగ్నల్ రిజిస్టర్. రైల్వే వాళ్ళు పొట్టిగా టీఎస్ఆర్ అంటారు. కటక్ నుంచి విజయవాడ దాకా 1893–1896 మధ్య ఈస్ట్ కోస్ట్ రైల్వే వేసిన లైను మీద ఉన్న ఊరు మన ఎలమంచిలి. విశాఖ రేవు సరుకూ, ఉక్కు కర్మాగారం ఉక్కూ, కోరమండల్ ఎక్స్‌ప్రెస్ ప్రయాణికులూ ఈ ఊరి మీదుగా వెళ్తారు. ఇంత బరువును క్షేమంగా దాటించడంలో పట్టాలకెంత పాత్ర ఉందో, గళ్ళు గీసిన ఆ కాగితాలకూ అంత పాత్ర ఉంది.

ఇవాళ మన ఊళ్ళో మరో రకం లైన్ క్లియర్లు లెక్కలేనన్ని నడుస్తున్నాయి. రేషన్ డిపోలో వేలిముద్ర వేసినా, మీసేవలో ధ్రువపత్రానికి దరఖాస్తు పెట్టినా, టీ కొట్టు దగ్గర ఫోనుతో డబ్బు కట్టినా, ఒక కంప్యూటరు దూరాన ఉన్న మరో కంప్యూటరును ఏదో అడుగుతుంది, జవాబు తెచ్చుకుంటుంది. ఇలా ఇంటర్నెట్ మీద అడిగినదానికి జవాబిచ్చే ఏర్పాట్లను వెబ్ సర్వీసులంటారు. వాటికి వచ్చిన ప్రతి సందేశాన్నీ, వాటి నుంచి వెళ్ళిన ప్రతి సందేశాన్నీ రాసి పెట్టడం లాగింగ్. ఆ రాతలు లాగ్‌లు. ఈ పని బాగా చేయడం ఎలాగో నేర్చుకోవాలంటే స్టేషన్ మాస్టరు గదిని మించిన బడి లేదని నా నమ్మకం.

గంటలూ గళ్ళూ

రెండు స్టేషన్ల మధ్య ఉన్న లైను ముక్కను బ్లాక్ సెక్షన్ అంటారు. ఒక దిశలో ఆ ముక్కలో ఒక్క సమయంలో ఒక్క బండే ఉండాలి. దీన్ని కాపాడటానికి ఇరువైపులా బ్లాక్ పరికరాలు, వాటికి గంటలు ఉంటాయి. ఒక గంట కొడితే "ఇటు చూడండి, ఫోనెత్తండి" అని. రెండు గంటలు "లైన్ క్లియర్ ఉందా?" అని. మూడు గంటలు "బండి సెక్షన్లోకి వచ్చింది" అని. నాలుగు గంటలు "బండి సెక్షన్ దాటి బయటపడింది" అని. ఆరు గంటలు వినపడితే ప్రమాదం, లైనుకు అడ్డం ఉందని. వినిపించిన గంటల్ని అవతలివాడు అన్నే తిరిగి కొట్టాలి. విన్నానని ఊరికే అంటే చాలదు, ఏం విన్నాడో తిరిగి చెప్పాలి.

ఈ గంటల్లో ప్రతిదానికీ రిజిస్టరులో ఒక గడి ఉంది. బండి నంబరు, లైన్ క్లియర్ అడిగిన వేళ, ఇచ్చిన వేళ, బండి సెక్షన్లోకి వెళ్ళిన వేళ, బయటపడిన వేళ వరసగా నిండుతూ పోతాయి. మూడు గంటల గడి నిండి, నాలుగు గంటల గడి ఖాళీగా ఉందంటే బండి ఇంకా దారిలోనే ఉంది. ఆ ఖాళీ గడిని చూసి మాస్టరు ఆగుతాడు. వెనక ఎంత తొందర బండి నిలబడి ఉన్నా, ఎవరు ఎంత ఒత్తిడి చేసినా ఆగుతాడు.

పుస్తకంలో రాసిన మాటకు ఎంత విలువో, నిండని గడికీ అంతే విలువ. కాని గడి ముందే గీసి ఉంటేనే దాని ఖాళీ కంటికి కనిపిస్తుంది. వచ్చిన సందేశాలను మాత్రమే రాసి, వెళ్ళినవాటిని వదిలేసే పుస్తకంలో ఖాళీకి చోటే ఉండదు. రాకా పోకా రెండూ రాయాలనడానికి అసలు కారణం ఇదే.

ఒక్కసారి వాడే నంబరు

ఫోనులో చెప్పిన మాటకు సాక్ష్యం ఏమిటి? దానికి రైల్వే కనిపెట్టిన ఉపాయం ప్రైవేట్ నంబరు. ప్రతి మాస్టరు దగ్గరా వరస లేకుండా అచ్చువేసిన రెండంకెల నంబర్ల కాగితం ఉంటుంది. లైన్ క్లియర్ ఇచ్చేటప్పుడు ఆయన తన కాగితంలో తరువాతి నంబరు, నలభై ఏడనుకుందాం, చెప్పి దాన్ని కొట్టేస్తాడు. అడిగిన మాస్టరు ఆ నలభై ఏడును తన పుస్తకంలో ఆ బండికి ఎదురుగా రాసుకుంటాడు. అవతలి కాగితం ఆయన కంటపడదు కాబట్టి ఆ నంబరును ఊహించి రాయలేడు. లెవెల్ క్రాసింగ్ దగ్గర గేటు వేశానని గేట్‌మ్యాన్ చెప్పే మాటకు కూడా ఇలాంటి నంబరే పూచీ.

అంటే ఒకే సంభాషణ రెండు ఊళ్ళలో, రెండు చేతిరాతల్లో ఉంటుంది. రెంటినీ ఆ చిన్న నంబరు కలిపి కుడుతుంది. ఏదైనా తేడా వస్తే రెండు పుస్తకాల్నీ పక్కపక్కన పెడతారు. ఒకడు మరచినా, ఒకడు దాచినా రెండో పుస్తకం మాట్లాడుతుంది.

వెబ్ సర్వీసుల వాళ్ళు చాలా ఏళ్ళ తరువాత ఇదే చోటికి వచ్చారు. సందేశాల చిరునామాల కోసం 2006లో వచ్చిన డబ్ల్యూఎస్-అడ్రసింగ్ ప్రమాణంలో జవాబు కోరే ప్రతి సందేశానికీ ఒక గుర్తింపు ఉంటుంది. జవాబు తాను ఏ ప్రశ్నకు జవాబో ఆ గుర్తింపుతోనే చెప్పాలి. ఒక అభ్యర్థన పది సర్వీసుల చేతులు మారేటప్పుడు ఒకే గుర్తింపును వెంట తీసుకెళ్ళడానికి 2020లో ట్రేస్ కాంటెక్స్ట్ అనే ప్రమాణం ఖాయమైంది. ఆ గుర్తింపు లేని లాగ్‌లు దారం తెగిన పూలదండ లాంటివి. పూలన్నీ ఉంటాయి, ఏది దేని పక్కదో తెలియదు.

కొట్టివేతా, గడియారమూ

టీఎస్ఆర్ రాతకు కట్టుబాట్లు గట్టివి. సిరాతోనే రాయాలి. చెరపకూడదు. తప్పు పడితే పాత అంకె చదవడానికి వీలుగా దాని మీద ఒక్క గీత గీసి, సరైనది పైన రాయాలి. తప్పును దాచకుండా దిద్దడం నేర్పే నియమం ఇది. లాగ్‌లో కూడా చివర కొత్త వరస చేర్చడానికే వీలుండాలి తప్ప, పాత వరస మార్చడానికి ఉండకూడదు. సర్వీసు నడిపేవారి చేతికి కూడా ఆ వీలు ఇవ్వకూడదు.

మరో కట్టుబాటు గడియారానిది. రోజూ సాయంత్రం నాలుగింటికి కంట్రోల్ ఆఫీసు నుంచి స్టేషన్లకు సమయం చెబుతారు, అందరూ గడియారాలు సరిచేసుకుంటారు. ఎలమంచిలి గడియారం రెండు నిమిషాలు వెనకబడి ఉంటే, రేగుపాలెం ఇవ్వకముందే ఇక్కడ లైన్ క్లియర్ తీసుకున్నట్టు కనబడే ప్రమాదం ఉంది. కంప్యూటర్లలో ఈ తేడా సెకనులో వెయ్యోవంతులో ఉన్నా కారణం, ఫలితం తారుమారవుతాయి. మన దేశంలో సైబర్ భద్రత చూసే సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో కంప్యూటర్ల గడియారాలను ప్రభుత్వ కంప్యూటర్ సంస్థ ఎన్‌ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో కలపాలని ఉంది. లాగ్‌లను 180 రోజులు దాచాలనీ ఉంది. సాయంత్రం నాలుగింటికి గడియారం సరిచేసుకునే పద్ధతికి మొదటి ఆదేశం కొత్త రూపం.

గుమ్మం దగ్గర రాయాలి

లాగింగ్‌లో మొదటి మెళకువ రాసే చోటు. ఒక్కో పనిచేసే కోడ్‌లో ఒక్కో తీరున రాస్తే కొన్ని రాస్తారు, కొన్ని మరుస్తారు. సందేశాలన్నీ తప్పనిసరిగా దాటే గుమ్మం ఒకటి ప్రతి సర్వీసుకూ ఉంటుంది. మిడిల్‌వేర్ అనో, ఇంటర్‌సెప్టర్ అనో పిలుస్తారు. రాతను అక్కడ పెట్టాలి. సందేశం లోపలికి వచ్చిన వెంటనే, దాన్ని అర్థం చేసుకోవడానికి ముందే ఒక వరస. జవాబు బయటికి పోతున్నప్పుడు మరో వరస. ఎప్పుడు వచ్చింది, ఎవరి నుంచి, ఏ పనికి, ఏ గుర్తింపుతో, ఫలితమేమిటి, ఎంతసేపు పట్టింది అనే గళ్ళు ప్రతిసారీ ఒకే వరసలో ఉండాలి. పని పూర్తయ్యాక రెండూ కలిపి రాద్దామనుకుంటే, పని మధ్యలో సర్వీసు పడిపోయిన రోజున ఆ సందేశం వచ్చిన ఆనవాలే మిగలదు.

ఇంకో మెళకువ సందేశంలోని అసలు విషయానికి, అంటే బాడీకి, సంబంధించింది. చాలా వ్యవస్థల్లో అది కుళాయి నీటిలా ఒక్కసారే ప్రవహిస్తుంది. లాగ్ కోసం ముందుగా చదివేస్తే అసలు పనికి ఏమీ మిగలదు. అందుకే దాని నకలు తీసుకుని, రాసే పనిని పక్కన విడిగా నడిచే మరో ప్రక్రియకు అప్పగించి, అసలు సందేశాన్ని ఆపకుండా పంపించాలి. రాత వల్ల బండి ఆలస్యం కాకూడదు.

సర్వీసు తానే మరొకరిని అడిగినప్పుడూ ఇదే పద్ధతి. ఖాతా నుంచి డబ్బు ఇమ్మని బ్యాంకును అడుగుతూ పంపిన వరస ఉంది, జవాబు వరస లేదు. డబ్బు తెగిందా? తెలియదు. ఇక్కడే మాస్టరు పాఠం అక్కరకొస్తుంది. నాలుగు గంటలు వినపడకుండా రెండో బండిని పంపరు. అలాగే జవాబు రాలేదని కొత్త గుర్తింపుతో మళ్ళీ డబ్బు అడగకూడదు. పాత గుర్తింపుతోనే "ఇదేమైంది?" అని కనుక్కోవాలి. ఈ జాగ్రత్త లేనిచోట మనిషి ఖాతాలో రెండుసార్లు డబ్బు తెగుతుంది.

రాయకూడనివి

అన్నీ రాయాలనే ఉత్సాహంలో పుస్తకమే ప్రమాదం కావచ్చు. 2018 మేలో ట్విట్టర్ సంస్థ, వినియోగదారుల పాస్‌వర్డులు దాపరికం లేకుండా తన లోపలి లాగ్‌లోకి వెళ్ళాయని తానే ప్రకటించి, అందరినీ పాస్‌వర్డులు మార్చుకోమంది. ఆధార్ ధ్రువీకరణ నియమాలు ఈ విషయంలో సూటిగా ఉన్నాయి. ధ్రువీకరణ జరిగినట్టు లాగ్ ఉండాలి, వేలిముద్ర వివరాలు మాత్రం అందులో ఉండకూడదు. పాస్‌వర్డు, ఓటీపీ, కార్డు నంబరు, రోగి జబ్బు, ఇలాంటివి గుమ్మం దగ్గరే చుక్కలుగా మారిపోవాలి. బండిలో ఎవరెవరు కూర్చున్నారో మాస్టరు రాసుకోడు. బండి నంబరు రాసుకుంటాడు. క్షేమం చూడటానికి అది చాలు.

2021 డిసెంబరులో ప్రపంచమంతా మరో పాఠం నేర్చుకుంది. జావా ప్రోగ్రాములు విస్తారంగా వాడే లాగ్4జే అనే లాగింగ్ సాధనంలో లోపం బయటపడింది. వచ్చిన సందేశంలో ఒక రకం మాట ఉంటే, ఆ సాధనం దాన్ని రాసి ఊరుకోకుండా ఆజ్ఞగా తీసుకుని అమలు చేసేది. దాంతో బయటివాడు సందేశం పంపి సర్వర్‌ను తన చేతిలోకి తీసుకోగలిగాడు. పుస్తకం పని రాసుకోవడం. రాసుకున్న మాటకు లోబడటం దాని పని కాదు. లోపలికి వచ్చే సందేశంలో కొత్త వరస గుర్తును దూర్చి దొంగ నమోదు సృష్టించే మోసమూ ఉంది. అందుకే బయటి మాటను ఎప్పుడూ దాని గడిలోనే బంధించి రాయాలి.

ఎవరి కోసం ఈ రాత

స్టేషన్లకు ఇప్పుడు డేటా లాగర్లు వచ్చాయి. సిగ్నల్ మారినా, బండిని ఒక లైను నుంచి మరో లైనుకు మళ్ళించే పాయింటు కదిలినా, ఆ క్షణాన్ని అవే నమోదు చేస్తాయి. 2023 జూన్ 2న ఇదే హౌరా–చెన్నై మార్గంలో, బాలాసోర్ జిల్లా బహనగా బజార్ దగ్గర కోరమండల్ ఎక్స్‌ప్రెస్ లూప్ లైన్లోకి మళ్ళి ఆగి ఉన్న గూడ్సును ఢీకొంది. వందల కుటుంబాలు తమవారిని పోగొట్టుకున్నాయి. అక్కడ ఏం జరిగిందో తేల్చడానికి దర్యాప్తు ముందు చూసినవాటిలో డేటా లాగర్ నమోదులున్నాయి. రాత చనిపోయినవారిని తిరిగి తేలేదు. కాని తప్పు ఎక్కడుందో చూపించి, రేపటి బండిని కాపాడగలదు. నిరపరాధి మీద నింద పడకుండా ఆపగలదు. పద్ధతి ప్రకారం పని చేసిన ఉద్యోగికి తన రాత కంటే బలమైన సాక్షి ఉండదు.

చిన్న విషయాల్లోనూ అంతే. ఒక పెద్దావిడ కౌంటరు దగ్గర నిలబడి "డబ్బు కట్టాను బాబూ, కాగితం రాలేదు" అంటుంది. ఆమె చేతిలో ఉన్నది ఒక చీటీ, దాని మీద ఒక నంబరు. ఆ నంబరు ఏ లాగ్‌లోనూ లేకపోతే ఆమె మాటకూ యంత్రం మాటకూ మధ్య పోటీ మొదలవుతుంది. అందులో ఆమె ఎప్పుడూ ఓడిపోతుంది. నంబరు దొరికి, సందేశం ఏ సర్వీసు దగ్గర ఆగిందో కనిపిస్తే ఆమె పని ఆ పూటే అవుతుంది. లాగ్ వరస రాసే యువ ఇంజనీరు ఆమెను ఎన్నడూ చూడడు. అయినా ఆ వరస ఆమె కోసమే.

డ్యూటీ మారే వేళ దిగిపోయే మాస్టరు పుస్తకం అప్పగించి సంతకం చేస్తాడు, ఎక్కే మాస్టరు చదివి సంతకం చేస్తాడు. కొత్తగా వచ్చినవాడి కళ్ళు ముందు వెతికేది నిండిన గళ్ళ కోసం కాదు. రేగుపాలెం వైపు వెళ్ళిన బండికి ఎదురుగా చివరి గడి ఖాళీగా ఉందా అని చూస్తాడు. ఉంటే, చీకట్లో ఆ రెండు ఊళ్ళ మధ్య ఎక్కడో మనుషులున్నారని అర్థం. వాళ్ళు చేరినట్టు నాలుగు గంటలు వినపడేదాకా వాళ్ళు తన బాధ్యతే.