ఫిరంగికి కనిపించేదెంత?

బల్ల మీద పరిచిన యుద్ధరంగాన్ని ఆటగాడు ఎప్పుడూ పైనుంచే చూస్తాడు. గుట్ట వెనక దాగిన దళం, అడవి చాటు గుర్రాలు, ఎదుటి సేనాపతి నిలబడ్డ చోటు, అన్నీ అతని కళ్ల ముందే ఉంటాయి. గుట్ట కింద నిలిచిన బొమ్మ ఫిరంగివాడికి మాత్రం ఆ గుట్ట తప్ప ఇంకేమీ కనిపించదు. మినియేచర్ వార్‌గేమ్స్‌లో ఫిరంగి గురికి సంబంధించిన నియమాలు చాలావరకు ఈ రెండు చూపుల మధ్య తేడాను కాపాడటానికే ఉన్నాయని నా నమ్మకం. నియమం రెండు రకాలుగా అర్థమయ్యే చోట ఈ సంగతే దారి చూపిస్తుంది.

1824లో ప్రష్యా సైన్యంలో ఫిరంగి దళ అధికారిగా ఉన్న రైస్విట్జ్, తండ్రి మొదలుపెట్టిన ఆటను మెరుగుపరిచి క్రీగ్‌స్పీల్ నియమాలను అచ్చు వేయించాడు. అందులో ఆటగాళ్లు తమ ఆజ్ఞలను మధ్యవర్తికి అందజేస్తారు. ఏ దళం ఎవరి కంటపడిందో తేల్చేది, పాచిక వేసి పట్టికలో నష్టం చూసేది అతనే. 1913లో హెచ్.జి. వెల్స్ ‘లిటిల్ వార్స్’లో పాచికతో పనే లేదు. స్ప్రింగు ఫిరంగి చెక్కముక్కను విసురుతుంది, పడిపోయిన బొమ్మ చచ్చినట్టే. అయితే ఫిరంగి పేలాలంటే దానికి 6 అంగుళాల లోపల సొంత మనుషులు కనీసం నలుగురు ఉండాలి. అమెరికాలో ఫ్లెచర్ ప్రాట్ ఓడల ఆటలో దూరాన్ని కంటితో అంచనా వేసి ముందే కాగితం మీద రాయాలి, టేపు బయటికి వచ్చేది ఆ తర్వాతే.

ఈ అంచనా విద్య పండింది వార్‌హామర్ ఫాంటసీ పాత సంచికల్లో. ఆర్టిలరీ పాచిక మీద 2, 4, 6, 8, 10 అంకెలు, ఆరో ముఖాన మిస్‌ఫైర్ ఉంటాయి. శత్రువు 22 అంగుళాల దూరంలో ఉన్నాడనిపిస్తే అనుభవజ్ఞుడు 22 అనడు, 16 అంటాడు. పాచిక 4 చూపితే గుండు 20 దగ్గర నేలను తాకుతుంది. రెండోసారి వేస్తే 6 వచ్చిందనుకోండి, గుండు ఎగిరి 26 దాకా దూసుకుపోతుంది, 22 దగ్గరి వరుస దాని దారిలోనే ఉంది. మొదటిసారే 10 పడితే గుండు వాళ్ల తలల మీదుగా వెళ్లిపోతుంది. రెండోసారి మిస్‌ఫైర్ పడితే మట్టిలో కూరుకుపోతుంది. గోలీలాటలో ఆరితేరిన పిల్లవాడి కంటికి ఉండే లెక్కే ఇదీ.

తగవు వచ్చేది కూడా ఇక్కడే. కనిపించే దళాన్ని లక్ష్యంగా చెప్పి, కావాలనే ఎక్కువ దూరం పలికి, దాని వెనక చాటున ఉన్న మంత్రగాణ్ని కొట్టవచ్చా? నియమంలోని వాక్యాన్ని అక్షరాలా పట్టుకుంటే చాలాసార్లు సందు దొరుకుతుంది. కూడదనే నేనంటాను, ఫిరంగివాడు చూడని మనిషి మీదికి ఆటగాడి కన్ను గుండును నడిపిస్తోంది కాబట్టి. అదే గుండు నిజాయితీగా గురిచూసిన దారిలో ఎగిరి చాటున ఉన్నవాడికి తగిలితే, ఆ దెబ్బను ఒప్పుకోవాల్సిందే. చూపు హద్దు గీసేది గురికి, గుండుకు కాదు. వార్‌హామర్ 40,000 పాత సంచికలు ఇదే మాట చెప్పేవి: పేలుడు పరిధిని చూపే టెంప్లేట్‌ను సొంత సైనికుల మీద పెట్టకూడదు, కానీ స్కాటర్ పాచిక దాన్ని పక్కకు జరిపి వాళ్ల మీదికే తెస్తే నష్టం నీదే.

టెంప్లేట్ అంచు బొమ్మ పీఠాన్ని సగం కప్పితే తగిలినట్టా కాదా అన్న ప్రశ్నకు కొన్ని సంచికలు 4 అంతకంటే ఎక్కువ పడితే తగిలినట్టని, మరికొన్ని అంచు ముట్టినా చాలని చెప్పాయి. ఏ పద్ధతైనా పరవాలేదు, పాచిక విసరకముందే ఒప్పందం కుదరాలి. పడ్డాక కుదిరే ఒప్పందం ఎవరో ఒకరికి అన్యాయమే చేస్తుంది.

2010లో వార్‌హామర్ ఫాంటసీ ఎనిమిదో సంచిక ముందే కొలిచే అనుమతినిచ్చి అంచనాను తీసేసింది. అందులో న్యాయం ఉంది. రెండు సేనలను 24 అంగుళాల ఎడంలో నిలిపి మొదలుపెట్టే ఆటలో తొలి అంచనా అంచనాయే కాదు. 2017లో 40,000 ఎనిమిదో సంచిక టెంప్లేట్లనే తొలగించి, ఎన్ని దెబ్బలో పాచికకు వదిలేసింది. వెంట్రుకవాసి వాదనలు పోయాయి. పేలుడుకు భయపడి బొమ్మలను దూరం దూరంగా నిలిపే జాగ్రత్త కూడా వాటితోనే పోయింది, ఆ లోటు నాకిప్పటికీ బాధే.

రెండో ప్రపంచయుద్ధం మీద నడిచే బోల్ట్ యాక్షన్ మరో దారి పట్టింది. మోర్టారు తొలి గుండు తగలాలంటే 6 పడాలి. మోర్టారూ లక్ష్యమూ కదలకుంటే మరుసటి వంతులో 5 చాలు, ఆపైన 4, అలా దిగుతూ పోతుంది. దూరాన ఉన్న పరిశీలకుడు కళ్లయి చూపించవచ్చు. లక్ష్యంగా ఉన్న దళం చోటు మారితే లెక్క మళ్లీ 6కు చేరుతుంది. అందుకే గోడ చాటున భద్రంగా ఉన్న దళం నాయకుడికి ప్రతి వంతులోనూ అదే తర్జనభర్జన: గోడ వదిలి తుపాకులకు ఎదురుగా పోవాలా, ఇంకో గుండుకు ఇక్కడే కాచుకోవాలా?